తడిచేతికి పలకని ఫోను

కొత్త ఫోను వస్తోందంటే చాలు, ఇప్పటికీ మా ఆఫీసులో పెద్ద సందడి. కెమెరా ఎలా ఉంటుంది, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, లోపల సాఫ్ట్‌వేర్ ఏం మారుతోంది అని టీ టైమంతా అదే గోల. నేను మాత్రం ఒకటే అడుగుతాను. తడిచేత్తో ముట్టుకుంటే పలుకుతుందా? అందరూ నవ్వుతారు. నవ్వనీ. వాళ్ల నాన్నలెవరూ సముద్రం మీద వేటకి వెళ్లలేదు.

మాది బందరు దగ్గర సముద్రం పక్క ఊరు. నాన్న, బాబాయి కలిసి ఒక చిన్న బోటు మీద వేటకి వెళ్లేవాళ్లు. నేను బెజవాడలో, పటమటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న రోజుల్లో, మీటల్లేని ఫోను రాబోతోందని నాన్న ఎక్కడో విన్నాడు. ఇక చూసుకోండి. ఆదివారం ఫోను చేస్తే నా చదువు సంగతి తర్వాత, ముందు అది వచ్చిందా లేదా చెప్పాలి. నా పరీక్ష ఫలితాల కోసం కూడా మనిషి అంతలా ఎదురుచూడలేదు.

హార్బర్లో ఐసు కొట్టేవాళ్ల నోట్లో పడి ఆ ఫోను రోజుకో కొత్త విద్య నేర్చుకునేది. ముందు ఒట్టి అద్దమే అన్నారు. తర్వాత బోటు ఎక్కడుందో మ్యాపులో చూపిస్తుందన్నారు. మబ్బు పట్టకముందే చెప్పేస్తుందన్నారు. ఆఖరికి చేపలు ఏ పక్కనున్నాయో కూడా అందులో తెలిసిపోతుందని ఎవడో కూసేశాడు. నాన్న అదీ నమ్మాడు. అయినా ఆయనకి వీటన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. అమ్మ ఫోను చేస్తే అమ్మ ముఖం అద్దం నిండా కనిపిస్తుందట.

అమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. "మొగ దగ్గర మిస్డ్ కాల్ వస్తుందా రాదా, అది చెప్పు" అంది.

వేటకెళ్లే ప్రతి ఇంటికీ మా ఊళ్లో అదే ఆనవాయితీ. ఏరు సముద్రంలో కలిసే చోటుని మొగ అంటాం. తిరిగొచ్చే బోటు అక్కడికి చేరగానే సిగ్నల్ అందుతుంది. అప్పుడు ఒక్క రింగు. ఇంట్లో ఆడవాళ్లు దాన్ని ఎత్తకూడదు, ఎత్తితే బిల్లు దండగ. ఆ రింగు వినగానే అమ్మ ఎసరు పెట్టేసి, తట్ట తీసుకుని రేవుకి నడిచేది. నాన్న పాత ఫోను ప్లాస్టిక్ కవరులో, రబ్బరు బ్యాండు కింద ఉండేది. కవరు మీంచే, అసలు చూడకుండానే, అమ్మ నంబరు పెట్టుకున్న మీట నొక్కి పట్టుకునేవాడు. ఆ మీట మీద అంకె ఎప్పుడో అరిగిపోయింది.

మీటల్లేని ఫోను బెజవాడ బీసెంటు రోడ్డు షాపుల్లోకి వచ్చిందని చెప్పానో లేదో, నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని బందరు బస్సులో దిగిపోయాడు. షాపులో ఆయన వేలు పెడితే అద్దంలో ఏమీ కదల్లేదు. బస్టాండులో చల్లటి సోడా తాగిన చెయ్యి, ఇంకా తడిగానే ఉంది. షాపాయన తుడుచుకుని పెట్టండన్నాడు. నాన్న పంచెకి తుడుచుకుని మళ్లీ పెడితే బొమ్మలు సర్రున జారాయి. ఆయన ముఖం చూడాలి అప్పుడు! నాకూ ఎంత సంబరమేసిందో. పుట్టినప్పట్నించీ ఉప్పునీళ్ల పక్కన బతికినవాళ్లం, బోటు మీద చెయ్యి ఎప్పుడూ ఆరదన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు చూడండి.

ఇంటికెళ్లి ముందు అమ్మ ఫొటో తీశాడు. అమ్మ చేపలు ఎండబెడుతూ, ఇప్పుడు ఈ వేషాలేంటి అన్నట్టు విసుక్కుంటున్న ముఖమే పడింది. అమ్మ ఫోను చేస్తే కనిపించడానికి అదే ఉంచాడు. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది.

కొత్త ఫోనుతో మొదటి వేటకెళ్లినప్పుడు నేను సెలవులకి ఇంట్లోనే ఉన్నాను. కొత్తది ఉందిగా అని బాబాయి తన ఫోను ఇంట్లోనే వదిలేసి వెళ్లాడు. తిరిగిరావలసిన మధ్యాహ్నం ముసురు పట్టింది. చుట్టుపక్కల ఇళ్లలో రింగులు మోగుతున్నాయి, ఆడవాళ్లు తట్టలతో రేవుకి పోతున్నారు. మా ఇంట్లో ఫోను మోగలేదు. అమ్మ పొయ్యి ముందు ఖాళీ గిన్నె పెట్టుకుని కూర్చుంది. రేవుకెళ్దామంటే కదల్లేదు. రింగు రాకుండా రేవుకెళ్లడం అమ్మకి అపశకునం.

చివరికి ఎన్నడూ చెయ్యని పని చేసింది. తనే నాన్నకి ఫోను చేసింది. రింగవుతోంది, అవుతూనే ఉంది, ఎత్తేవాళ్లు లేరు. మళ్లీ చేసింది. అదీ అంతే. ఫోను మోగుతోందంటే బోటు మొగ దాకా వచ్చినట్టే, మరి మనిషేడి? అమ్మ ఫోను నా చేతిలో పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ షాపుని, ఆ అద్దం ముక్కని, చేపలు కనిపిస్తాయని కూసినవాణ్ని అందర్నీ నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

చాలాసేపటికి గుమ్మంలో అలికిడైంది. నాన్న. నెత్తి మీంచి నీళ్లు కారుతున్నాయి, చేతిలో కవరు, కవర్లో ఫోను.

"నీ బొమ్మ వచ్చిందే" అన్నాడు అమ్మతో. "రెండుసార్లు వచ్చింది. ఎంత రుద్దినా ఎత్తనివ్వలేదు. ఒంటి మీద పొడిగుడ్డ లేకపోయె."

అమ్మ పొయ్యి ముందునుంచి లేవలేదు. నాన్న దండెం మీది తువ్వాలు లాగి, తల సంగతి మర్చిపోయి, ముందు చేతులు తుడుచుకున్నాడు. తర్వాత ఫోను తుడిచాడు. గుమ్మంలోనే నిలబడి అద్దం మీద వేలు పెట్టాడు.

నా చేతిలో అమ్మ ఫోను మోగింది. అమ్మ లాక్కుని, ఆయన ఆపేలోపే ఎత్తింది. అన్నేళ్లలో అదే మొదటిసారి. ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా, నేల చూస్తూ, ఫోను చెవికి నొక్కిపెట్టుకుంది.

"మావా, వచ్చావా?"

నాన్న కూడా ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"వచ్చానే" అన్నాడు.

అప్పుడు అమ్మ లేచి ఎసరు పెట్టింది.