నీళ్లు చూసి దిగాలి

ఎనభైల్లో ఒక వేసవి మధ్యాహ్నం పుంగనూరు వెళ్లే బస్సు దారిలో చెడిపోయింది. విశాఖ సముద్రంలో ఈత నేర్చినవాణ్ణి, పక్క పొలంలో దిగుడు బావి చూడగానే చొక్కా విప్పాను.

"ఆగప్పా! నీళ్లు సూసినావా?" అని కేకేసింది టమోటా తోటలో కలుపు తీస్తున్న పెద్దామె.

"నాకు ఈత వచ్చమ్మా."

"ఈత కాదప్పా. నీళ్లు బాగుంటే సేపలు పైకొస్తాయి, సూడు."

సద్దిమూట విప్పి కొంచెం రాగిసంగటి నీళ్లలో వేసింది. ఒక్క చేపా రాలేదు. ఆమె ముఖం మారిపోయింది.

"ఎవురో పురుగుల మందు డబ్బా ఈడ కడిగినట్టుండారు."

ఇద్దరం ముళ్లకంప లాగి మెట్లకు అడ్డం వేశాం. తర్వాత పై పొలం బావి దగ్గరకు తీసుకెళ్లి మళ్లీ సంగటి వేసింది. చేపలు గుంపుగా ఎగబడ్డాయి.

"ఇంగ దిగప్పా" అని నవ్వింది.

నేను ఈదుతుంటే గట్టు మీద కూర్చుని అడిగింది. "సముద్రంలో దిగేముందు మీరేం సూస్తారప్పా?"

"అలలు చూస్తామమ్మా."

"నీళ్లు సూడరా?"



ఇంటికి చేరాక పిల్లల్ని బీచికి తీసుకెళ్లాను. మేం రోజూ దిగే చోటికి దగ్గర్లోనే మురుగుకాలువ సముద్రంలో కలుస్తోందని మొదటిసారి గమనించాను. వాళ్లు విసుక్కుంటున్నా చాలా దూరం నడిపించాను. తేట నీళ్లు కనిపించగానే నాకంటే ముందే పరుగెత్తారు.