పగులు మీద గాజుముక్క

బేరంలో నన్ను మించినవాడు తిరుపతి బజారులో లేడని మా నాయన గొప్పగా చెప్పుకునేవాడు. నిజమే. తొంభైల చివర ఒక వానాకాలంలో నేను మునిసిపాలిటీనే ఓడించాను. దేవుడి పటాలకు అద్దాలు బిగించే మా అంగడిలో కోతకు పోగా మిగిలిన జానెడు గాజుముక్కతో! ఆ తెలివిని ఇన్నేళ్లూ కక్కలేక మింగలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

అంగడి వెనక వీధిలో మాకొక పాత మిద్దె ఉండేది. అందులో మునిరత్నం అనే టైలరు బాడుగకు ఉండేవాడు. అతను కుడితే భార్య రాజమ్మ కాజాలు తీసేది. ఆ ఏడు అతని మిషను పక్క గోడ నిలువునా చీలింది. ఎవరో అర్జీ పెట్టారు. మునిసిపల్ ఓవర్సీయరు వచ్చి, పగులుకు అడ్డంగా సన్నటి గాజు పట్టీ పెట్టి, రెండు కొసలా సిమెంటు మెత్తి, ఆ తడి మీద మేకుతో తేదీ గీశాడు.

"గోడ కదిలిందంటే ఈ గాజు పగలతాది. పగిలిన దినమే ఖాళీ చేయించి కూల్చేస్తాం. ఖర్చు నీదేనప్పా," అన్నాడు.

అర్జీ పెట్టిందెవరు? పక్క లాడ్జి యజమానికి మా స్థలం మీద కన్నుండేది. ఓవర్సీయరు ఆ లాడ్జి కింద కాఫీ తాగుతుంటే రెండుసార్లు చూశాను. లాడ్జి కర్టెన్లు కుట్టింది మునిరత్నం. చుక్కలు కలిపితే ముగ్గు కనిపించింది. ఆ చుక్కలు పెట్టింది నేనేనని అప్పుడు తోచలేదు.

వారం తిరక్కముందే మునిరత్నం అంగడికి పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, గాజు పగిలిపోయిండాది. రెండు తుంటలు. వచ్చి సూడు."

"పగిలిందా, పగలగొట్టినావా అబ్బా?"

"నేనెందుకు పగలగొడతానన్నా! నా మిషనుండేది ఆ గోడ కిందనే గదా."

"లాడ్జివాడు ఇంకా మంచి చోటు సూపించినాడేమోలే."

"నీకు నిద్దట్లో గూడా అంగడేనన్నా," అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

వెళ్లి చూశాను. గాజు మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. దెబ్బ తగిలిన గాజుకు తగిలిన చోటినుంచి గీతలు నలువైపులా చీలుతాయి. లాగుడుకు తెగినదానికి ఒకటే గీత. ఇక్కడ ఉన్నది ఒకటే గీత. అంటే నాకు తెలుసు. తెలిసి కూడా, తెలిసిన దాన్ని పక్కనబెట్టి, అనుమానాన్నే చంకనెత్తుకుని ఇంటికొచ్చాను. ఎందుకని? మునిరత్నం నిజం చెప్పాడని ఒప్పుకుంటే మిద్దె పోతుంది. అబద్ధమాడాడనుకుంటే మిద్దె నిలుస్తుంది. మనిషిని దొంగను చేస్తే గోడ నిలుస్తుందా? ఈ ప్రశ్న ఆ రోజు వేసుకోలేదు. బేరగాణ్ణి కదా, నష్టం వచ్చే ప్రశ్న వేసుకోను.

మరునాడు వాళ్లు చుట్టాల పెళ్లికి చిత్తూరు వెళ్లారు. పట్టపగలే నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాను. పాత ముక్కలు ఊడబెరికి కొత్త పట్టీ అతికించాను. ఓవర్సీయరు గీసిన తేదీని అదే వంకరతో గీశాను. సిమెంటు ఆరాక టీ డికాక్షన్ పూసి పైన దుమ్ము చల్లాను. కొత్త ఫ్రేముకు పాతరంగు రావాలంటే నాయన చేసే పని అది. సాయంత్రం నేనే ఓవర్సీయరును పిలుచుకొచ్చాను. ఆయన చూశాడు, గాజు బాగుందని కాగితం మీద రాసుకుని వెళ్లాడు.

పెళ్లినుంచి వచ్చిన మునిరత్నం గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"అన్నా, ఇది పగిలిండె గదా? నా కండ్లారా సూసినానే."

"యాడ పగిలిండాది? దారమేమన్నా అంటుకోనుంటాది. కండ్లద్దాలు పెట్టుకో అబ్బా, వయసయితా ఉండాది."

ఈ మాట ఎగతాళికి అన్నాను. అతను నమ్మాడు. రెండు రోజుల్లో కళ్లజోడు కొనుక్కున్నాడు. గోడ వైపు చూడటం మానేశాడు. ఓవర్సీయరుకు చెబుదామని రాజమ్మ అంటే, "నా సూపు మీద నాకే నమ్మకం లేదు, ఏమని చెప్పేదే," అన్నాడట.

నాలుగో రోజు పొద్దున వాన. పగులులోంచి కారే నీళ్లకు తడుస్తున్న కుట్టుబట్టలు తీయడానికి రాజమ్మ మిషను దగ్గరికి వెళ్లింది. గోడ కూలింది.

మునిసిపాలిటీవాళ్లు పరిగెత్తుకొచ్చి కరెంటు తీసేశారు. వీధికి అడ్డంగా తాళ్లు కట్టారు. ఆమెను బయటికి లాగి ఆసుపత్రికి పంపి, మధ్యాహ్నానికి మిగిలిన మిద్దె కూల్చేశారు. మొదటి గాజు పగిలిన రోజున చేయాల్సిన పని అది. గాజు బాగుందని రాసినందుకు ఓవర్సీయరును ఉద్యోగంలోంచి సస్పెండు చేశారు. నన్ను అడిగారు. "నాకేం తెలుసు సార్, పటాలు కట్టుకునేవాణ్ణి," అన్నాను.

ఆసుపత్రి వరండాలో మునిరత్నం కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఇవి పెట్టుకుంటే అంతా మసగ్గా ఉండాదన్నా," అన్నాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. ఆ చేత్తోనే.

ఆ తర్వాత వాళ్లు నాయుడుపేట వైపు వెళ్లారని విన్నాను. వెతకలేదు. దొరుకుతారని భయం. ఇప్పుడు ఇది చదివి మీరేమనుకున్నా సరే, చెప్పేశాను, కాస్త ఊపిరి ఆడుతోంది. అంతకు మించి నాకేమీ రాదని తెలుసు.

కూల్చినందుకు మునిసిపాలిటీ పంపిన బిల్లును బేరమాడి సగానికి దించాను. అసలు బిల్లు ఇది. జానెడు గాజు, చారెడు సిమెంటు, ఒక గ్లాసు డికాక్షన్, ఇవి నావి. నిలిచిపోయిన ఉద్యోగం ఓవర్సీయరుది. సూది పట్టలేని కుడిచెయ్యి రాజమ్మది. కళ్లజోడు మునిరత్నానిది. అతని కళ్లు బాగానే ఉండేవి.