ఎనిమిదో సీటు

కబడ్డీ ఆడే కుర్రాళ్ళ కోసం కాలేజీలవాళ్ళు ఊళ్ళ వెంట తిరిగిన రోజులు మా వైపు కొన్ని ఉన్నాయి. తొంభైల చివర్లో. చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా హైవే పక్కన ఎటు చూసినా కొత్త కాలేజీ బోర్డులే. ప్రతి బోర్డు మీదా కప్పు పట్టుకున్న జట్టు ఫోటో ఒకటి ఉండేది. అలాంటి ఫోటోలో ఒక ఏడాది నేనూ ఉన్నాను, కింద కూర్చున్న వరసలో, చివరినుంచి రెండోవాణ్ణి. మరుసటి ఏడు ఆ బోర్డు తీసేసి వేరేది పెట్టారు.

నేను చదివిన కాలేజీలో ఆటలు నేర్పించే మాస్టారిని అందరూ పీడీ గారనేవాళ్ళు. యాజమాన్యం ఆయన చేతికి కబడ్డీ కింద ఎనిమిది ఉచిత సీట్లు ఇచ్చేది. ఫీజు కట్టక్కర్లేదు, హాస్టల్లో భోజనం ఊరికే. జట్టుకేమో పన్నెండు మంది కావాలి. బరిలోకి దిగేది ఏడుగురే కదా, ఎనిమిదిస్తే ఒకటి ఎక్కువే ఇచ్చినట్టు అని పైవాళ్ళ వాదన. కాళ్ళూ చేతులూ విరుగుతాయని వాళ్ళకి తెలియక కాదు. విరిగినవాణ్ణి పంపేసి ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చని కూడా తెలుసు. మిగతా నలుగురికీ పీడీ గారు ‘చూద్దాంలే’ అని చెప్పి చేర్చుకునేవారు. ఆ ‘చూద్దాంలే’ని పట్టుకుని పెట్టె సర్దుకుని వచ్చినవాళ్ళతో నేను ఒకే గదిలో ఉన్నాను. ఒక సీటుని ఇద్దరికి పంచిన సంగతీ చూశాను. ఒకడికి ఫీజు మాఫీ, ఇంకొకడికి భోజనం మాఫీ. ఆ ఇద్దరూ ఏడాదంతా ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోలేదు.

మాది పత్తి, మిరప వేసే ఊరు. నల్లరేగడి మీద ఆడితే మోచేతులు దోక్కుపోతాయని స్కూలు వెనక ఇసుక తోలించుకుని ఆడేవాళ్ళం. నేను ఎడమ కార్నర్. నా పక్కన, కొంచెం లోపలికి, నా జోడీ నిలబడేవాడు. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉంటాం. అవతలివాడు కూతకి వచ్చి నా వైపు కాలు జాపగానే నేను వంగి చీలమండ పట్టాలి, నా జోడీ ముందుకొచ్చి దారి మూసెయ్యాలి. చూసేవాళ్ళకి కనిపించేది నా పట్టు. మైకులో వినిపించేది నా పేరు. ఎప్పుడు వంగాలో చెప్పేది మాత్రం వాడు. కూతకి వచ్చినవాడి బరువు ఏ కాలి మీద ఉందో వాడికి ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ తెలీదు. సరైన క్షణంలో నా చెయ్యి నొక్కేవాడు. నొక్కితే వెళ్ళేవాణ్ణి, లేకపోతే లేదు. మా ఊరి జట్టులో ఏడేళ్ళు అలాగే ఆడాం. ఊళ్ళో అందరూ మంచి పట్టుగాడు అని నన్ను పొగుడుతుంటే నేను కాదనేవాణ్ణి కాదు, వాడూ నవ్వి ఊరుకునేవాడు.

ఇద్దరం ఇంటర్ పరీక్షలు రాసిన ఏడు శ్రీరామనవమి పోటీలకి పీడీ గారు మా ఊరొచ్చారు. ఏడు సీట్లు నిండిపోయాయి, ఒకటే మిగిలింది, దానికోసం వచ్చారని మధ్యాహ్నానికే అందరికీ తెలిసిపోయింది. సెమీఫైనల్ గెలిచాక ఆయన నన్ను పందిరి వెనక్కి పిలిచారు. వడపప్పు తింటూ మా నాన్న ఏం చేస్తాడో, మార్కులెన్ని వస్తాయో అడిగారు. తర్వాత నా జోడీ గురించి అడిగారు. వాడెలాంటివాడు, హాస్టల్లో కుదురుగా ఉంటాడా అని.

ఆయన ఎందుకు అడుగుతున్నారో నాకు అర్థమైంది. ఉన్నది ఒక్క సీటు. మా ఇంట్లో డిగ్రీ మాటెత్తితే అంతకు ముందే లేదన్నారు. వాళ్ళ ఇంట్లోనూ అంతే. నిజం చెప్పాలంటే, ‘సార్, పట్టు వాడిదే, నేను వంగుతానంతే’ అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

“వాడు నిలబడడండీ సార్. మిరపకోతలు మొదలైతే ఇంటికి వెళ్ళిపోతాడు. మళ్ళీ రాడు,” అన్నాను.

వాళ్ళకి ఉన్నది ఎకరంన్నర మిరప. కోతలకి వాళ్ళ అమ్మా అక్కలే సరిపోయేవాళ్ళు. వాడు బడి మానేసి చేలోకి వెళ్ళిన రోజు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. కానీ మా వైపు ఏ కాలేజీవాణ్ణి భయపెట్టాలన్నా ఈ ఒక్క మాట చాలు. జనవరి వచ్చేసరికి సగం జట్టు పొలాల్లో తేలుతుందని వాళ్ళ భయం. పీడీ గారు తల ఊపి చేతులు దులుపుకున్నారు.

జూన్‌లో సీటు నాకొచ్చింది. నా పెట్టె బస్సు పైకెక్కించింది నా జోడీయే. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి, కాలేజీలో ఎవరూ ఆడించకపోతే కబురు చెయ్యి, వచ్చి అందరినీ కొడతా అని వేళాకోళం చేశాడు. ఆ నెలలోనే పేటలో జిన్నింగు మిల్లులో చేరాడు. ఆడటం మానేశాడు. పత్తి దుమ్ముకి దగ్గు పట్టుకుందని మా అమ్మ చెబితే, అయ్యో అన్నాను.

కాలేజీలో నా పక్కన నిలబడింది వేరే ఊరివాడు. మంచివాడే, బలమున్నవాడే. నా చెయ్యి ఊరికే గట్టిగా పట్టుకునేవాడు, మొదట్నుంచి చివరిదాకా ఒకటే గట్టిగా. ఎప్పుడు వెళ్ళాలో నాకు తెలిసేది కాదు. మొదటి ఏడు ఎలాగో నెట్టుకొచ్చాను, ఫోటోలో కూర్చున్నాను. రెండో ఏడు నవంబరులో ఒక మ్యాచ్‌లో, ఈసారి నేనే తేల్చుకుందామని నా అంతట నేను వంగాను. కూతకి వచ్చినవాడి బరువంతా ఇంకా నేను పట్టిన కాలి మీదే ఉంది. వాడు మెలితిరిగి నా మోకాలి మీద పడ్డాడు. గుంటూరులో డాక్టరు చూసి, నడుస్తావుగానీ ఆడలేవు అన్నాడు.

హాస్టల్లో ఎవరూ ఏమీ అనలేదు. ఏప్రిల్ దాకా భోజనం పెట్టారు, పరీక్షలు రాయనిచ్చారు. మూడో ఏడు ఒక్కటి గడిస్తే డిగ్రీ చేతికొస్తుంది. నాకు కావలసింది అదొక్కటే. ఆ ఏడు మా ఇంట్లో పత్తి మొత్తం పురుగు తినేసింది, ఫీజు మాటెత్తే పరిస్థితి లేదు. జూన్‌లో పీడీ గారి గదికి వెళ్ళి నిలబడ్డాను. ఆడలేకపోయినా నీళ్ళు మోస్తాను, స్కోరు రాస్తాను, సీటు మాత్రం తియ్యొద్దని బతిమాలాను. కోపంగా వెళ్ళినవాణ్ణి, ఏడుపు గొంతుతో మాట్లాడాను. ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆయన నిదానంగా చెప్పారు. ఎనిమిదంటే ఎనిమిదే, తొమ్మిదోది అడిగితే తన ఉద్యోగానికే ఎసరు వస్తుంది. అద్దంకి వైపునుంచి ఒక కుర్రాడు మాట ఇచ్చి ఉన్నాడు. నా సీటు వాడిది. సొంత కారణాల వల్ల మానేస్తున్నానని రాసిన కాగితం టేబుల్ మీద సిద్ధంగా ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

అప్పుడు నాకొక గొప్ప బుద్ధి పుట్టింది. రెండేళ్ళ తర్వాత పుట్టింది. నా జోడీ గురించి చెప్పాను. సీటు ఎవరికో ఎందుకు, వాడికివ్వండి సార్, నాకంటే మంచి ఆటగాడు అన్నాను. చెబుతుంటే నా మీద నాకే ముచ్చటేసింది.

పీడీ గారు ఆ కాగితం నా వైపు జరిపారు.

“ఆ సంగతి నాకు నువ్వు చెప్పేదేంటయ్యా. నేను మీ ఊరొచ్చిందే వాడి కోసం. ముందు వాణ్ణే అడిగా, బోరు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే. సీటు ఒక్కటే అయితే మావాడికివ్వండి సార్, వాడికి చదువొస్తుంది, నేను ఏదో ఒక పని చేసుకుంటానన్నాడు. నాకు మనసొప్పక, వాణ్ణి ఎలాగైనా ఒప్పించమని చెబుదామని నిన్ను పిలిచా. నువ్వేమో కోతలన్నావు.”

ఆయన పెన్ను మూత తీసి ఇచ్చారు. సంతకం పెట్టాను.

ఆ కాలేజీని నేను చాలా ఏళ్ళు తిట్టాను. టీ కొట్ల దగ్గర, పెళ్ళిళ్ళలో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. కుర్రాళ్ళని మిరపకాయల్లా ఏరుకుంటారు, తాలు కాయని పక్కకి విసిరేస్తారు అని చెప్పేవాణ్ణి. అందులో అబద్ధమేమీ లేదు. ఆ మూడో ఏడు చదువు నాకు మళ్ళీ కుదరలేదు. కానీ పీడీ గారి మీద నా అసలు కోపం సీటు తీసేసినందుకు కాదు. ఆ మాట నాకు చెప్పినందుకు. చెప్పకుండా పంపేసి ఉంటే, అన్యాయం జరిగినవాడిగా హాయిగా బతికేవాణ్ణి.

నేను ఇంటికొచ్చిన ఆదివారం నా జోడీ మిల్లు నుంచి నేరుగా వచ్చాడు, తలనిండా పత్తి నూగుతో. మంచం పట్టె మీద కూర్చుని నా మోకాలు అటూ ఇటూ వంచి చూశాడు. కాలేజీవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాడు. మధ్యలో దగ్గొచ్చి ఆగాడు.

“ఏరా, నా గురించి ఎప్పుడైనా అడిగాడా ఆయన?” అన్నాడు.

“లేదు,” అన్నాను.