సున్నం కింద గీత

మా అత్త పోయింది. పోయిన నెల ఒక ఆదివారం, గుడిలో ఆరాధనకు మొదటి గంట కొట్టే వేళకు, కడప ఆసుపత్రిలో కన్నుమూసింది.

ముందురోజు పొద్దున ఆయాసం ఎక్కువై అంబులెన్సుకు ఫోన్ చేశాం. ఊపిరి అందక మంచంలో గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి చెయ్యెత్తి కుర్చీవైపు చూపించింది. మాత్రలు అడుగుతోందేమో అనుకున్నాను. "ఆ బట్టలు తియ్ మే. మనుషులొస్తాండారు," అంది. తీశాను. మడతపెట్టి బీరువాలో కూడా పెట్టాను. వచ్చినవాళ్లు ఆ కుర్చీవైపు చూడనైనా లేదు. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. ఇన్నేళ్లు ఒకే పొయ్యి దగ్గర బతికిన అత్త నుంచి చివరికి నాకు దక్కిన మాట అది. దాన్ని తలుచుకుని ఏడవాలో నవ్వాలో నాకింకా తెలియడం లేదు.

మీకు ఆమె తెలియదు కాబట్టి చెబుతాను. మా వీధిలో అందరూ ఆమెను పిండిమర అవ్వ అనేవాళ్లు. మా ఇంటి ముందుగదిలోనే పిండిమర. మామ ఉన్నప్పుడు పెట్టింది, ఆయన పోయాక ఆమే నడిపింది. మా ఆయన ఆటో తోలుతాడు. పెళ్లయి వచ్చాక మరలో నేను తోడయ్యాను. రాగులు పట్టాక బియ్యం పట్టాలంటే రాళ్లను బ్రష్షుతో తుడిచి, ఒక దోసెడు నూకలు వేసి తిప్పి పారబోసి, అప్పుడు మాత్రమే బియ్యం పోసేది. ఒకరి పిండిలో ఇంకొకరి గింజ కలవకూడదు. పిండిని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, సంగటికి సరిపోతుందో లేదో చెప్పేది. కనుబొమల మీద ఎప్పుడూ పిండి ఉండేది. మర ఆడుతున్నంత సేపూ ఎడమచెయ్యి గోడకు ఆనించి నిలబడేది.

శుభ్రం ఆమెకు భక్తితో సమానం. కరెంటు రీడింగు తీసే మనిషి వస్తున్నాడంటే మీటరు తుడిచేది. గ్యాసు బండ తెచ్చే అబ్బాయి కోసం వాకిలి చిమ్మేది. పాస్టరయ్య ప్రార్థనకు వస్తున్నాడని తెలిస్తే ఇక మా గతి అడగొద్దు. "మనిషొస్తాండాడంటే ఇల్లు మొగం కడుక్కోవల్ల," అనేది. ఎవరొచ్చినా ఎలా ఉన్నారని అడిగితే ఆమె జవాబు ఒకటే. "దేవుని దయ, అంతా బాగుండామప్పా." జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా అదే మాట.

ఆ మాటే ఒకసారి మమ్మల్ని ముంచింది. ముంచిందో తేల్చిందో, ఇప్పటికీ నాకు తేలని సంగతి అదే.

రెండేళ్ల కిందట కార్తీకంలో వానలు విడవకుండా పడి, మా వీధి వెనక వంక పొంగింది. ముందుగదిలో నడుము లోతు నీళ్లు. మర మునిగింది, మోటరు మునిగింది, జనం పట్టించుకోవడానికి ఇచ్చిన జొన్నలు, రాగులు మునిగాయి. నీళ్లు తీశాక అడుగు మందాన ఒండ్రు మిగిలింది. మర ఆడకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టం. ఆటో సంపాదన ఆటోకే సరిపోయేది.

మర మీద అప్పు తీసుకున్న బ్యాంకుకు వెళ్లి కంతు ఆలస్యమవుతుందని చెబితే, అక్కడి సారు కంప్యూటర్ చూసి, మీ మరకు ఇన్సూరెన్సు ఉంది కదా అన్నాడు. మాకు తెలియదు. ఏటేటా మా ఖాతాలోంచే కట్టుకుంటున్నారట. మోటరుకూ సరుకుకూ గదికీ కూడా వర్తిస్తుందట. ఇంటికొచ్చి చెబితే అత్త ప్రార్థన చేసింది. కంపెనీ తరఫున సర్వేయరు వచ్చి నష్టం చూసుకుంటాడని ఫోన్ వచ్చింది.

ఆఫీసరు వస్తున్నాడు. అంతే, అత్త కొంగు బిగించింది. మేమందరం చెయ్యి వేశాం. ఒండ్రు ఎత్తిపోశాం, నేల కడిగాం, మరను గుడ్డతో తుడిచి నూనె రాశాం. గోడల మీద నీళ్లు నిలిచిన చోట పచ్చటి గీత పడి ఉంటే, క్రిస్మస్‌కు ఎటూ కొట్టాల్సిందే కదా అని అత్త సున్నం కలిపి కొట్టేసింది. పాడైన పరుపులు, మొలకలొచ్చి కుళ్లిన గింజల మూటలు, ఉబ్బిపోయిన ఆమె పెళ్లినాటి బైబిలు వెనకగదిలోకి నెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. నష్టం చూడ్డానికి వచ్చే మనిషి కోసం నష్టాన్ని దాచిపెడుతున్నామన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

సర్వేయరు మంచివాడిలాగే కనిపించాడు. మజ్జిగ తాగాడు. ఫొటోలు తీశాడు. వెనకగదిలో ఏముందని అడిగితే, చూసేదేం లేదప్పా అంది అత్త. నష్టం బాగా జరిగిందా అమ్మా అని అడిగితే ఆమె ఎప్పటి మాటే చెప్పింది. దేవుని దయ, అంతా బాగుండామప్పా. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు కరెంటు కూడా లేదు, మోటరు తిరుగుతుందో లేదో చూసే వీలు లేకపోయింది.

రెండు వారాలకు కాగితం వచ్చింది. వాళ్లు ఇస్తామన్నది మరకు కొత్త బెల్టు వేసి, మిగిలినదాంతో మెకానిక్‌కు టీ తాగించడానికి సరిపోతుంది. దాంతోపాటు సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటి. ఈ మొత్తంతో మా క్లెయిము పూర్తిగా తీరిపోయిందని అందులో ఉంది. పెట్టకపోతే అదీ రాదు, పెట్టండి అన్నాడు బ్యాంకు సారు. పెట్టొద్దు అన్నాడు మా గుడి సంఘపెద్ద. ఆయన కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. మా ఆయన పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా మాట్లాడేవాడు. నేనైతే ఎవరు చెప్పింది వింటే వాళ్లదే నిజమనుకునేదాన్ని. ఆ పది రోజులు మా ఇంట్లో అన్నం దగ్గర కూడా అదే గొడవ.

సంఘపెద్ద సలహా మీద సర్వే రిపోర్టు నకలు అడిగి తెప్పించుకున్నాం. అత్త వాకిట్లో కూర్చుని ఉండగా నేనే చదివి తెలుగులో చెప్పాను. గది పొడిగా, శుభ్రంగా ఉంది. గోడలకు నష్టం కనిపించలేదు. యంత్రం మంచి స్థితిలో ఉంది. పెద్ద నష్టమేమీ లేదని యజమానురాలే చెప్పింది.

అత్త ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అడిగింది. "నేనట్ల అంటినా?"

"అన్నావత్తా."

"మర్యాదకు అంటి మే. మర్యాదకన్న మాట రాసుకుంటారా యాడన్నా?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. అత్త మీదా? ఆ సర్వేయరు మీదా? ఆయన విన్నదే రాశాడు, చూసిందే రాశాడు. అత్త అబద్ధం చెప్పలేదు, ఆయనా రాయలేదు. మరి మా మర ఎందుకు ఆగిపోయింది? ఇద్దరు మంచి మనుషుల మధ్య మా బతుకు ఎక్కడ పడిపోయిందో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

సంతకం పెట్టలేదు. ఈ మొత్తం మాకు సమ్మతం కాదని, మళ్లీ వచ్చి చూడమని సంఘపెద్ద రాసిచ్చిన ఉత్తరాన్ని కంపెనీకి పంపాం. మోటరు వైండింగు కాలిందని మెకానిక్ చేత రాయించాం. ఎదురింటివాళ్లు ఫోన్లో తీసిన ఫొటోలు అడిగి తీసుకున్నాం. ఒక ఫొటోలో అత్త నడుము లోతు నీళ్లలో, నెత్తిన పిండిడబ్బాతో, కెమెరా చూసి నవ్వుతూ ఉంది. అది పంపాలా వద్దా అని మా ఆయన చాలా తటపటాయించాడు. నవ్వుతున్న మనిషికి నష్టమేంటంటారేమో అని.

ఇంతలో గోడ తన పని తాను చేసుకుంది. కొట్టిన సున్నం పొక్కులు లేచి, చెమ్మ ఊరి, పచ్చటి గీత మళ్లీ బయటికి వచ్చింది. అత్తకు చేతులు ఊరుకోవు. సున్నం డబ్బా మూత తీసేది, సంఘపెద్ద మాట గుర్తొచ్చి మూసేది. రెండో ఆఫీసరు వచ్చేదాకా గోడను తాకొద్దని ఆయన గట్టిగా చెప్పి ఉన్నాడు. క్రిస్మస్ ఆ గోడతోనే గడిచింది. పాస్టరయ్య వస్తే, గోడ ఆయనకు కనిపించకుండా కుర్చీని అటు తిప్పి వేసింది. పాపం, ఆయన ప్రార్థన చేసినంత సేపూ ఆ గీతను చూస్తూ కూర్చున్నది ఆమే.

రెండో ఆఫీసరు సంక్రాంతి దాటాక వచ్చాడు. చిన్న వయసు, తక్కువ మాటలు. గీత మీద వేలితో గీరి చూశాడు. సున్నం పొర ఊడి అతని బూట్ల మీద పడింది. ముందు వచ్చినాయనకు ఇది కనపడలేదా అని అడిగాడు.

నేను నోరు తెరవబోయాను. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె మొహం అంత చిన్నబోవడం మామ పోయిన రోజు కూడా నేను చూడలేదు.

"ఆయప్ప వస్తాండాడనే నేను సున్నం కొట్టినా నాయనా. ఇంటికొచ్చే మనిషికి బురద చూపిస్తామా?"

"మరి ఈసారి కొట్టలేదే?"

"కొట్టలే. శానా కష్టమాయ."

అతను నవ్వలేదు. తల ఊపి రాసుకున్నాడు. అప్పుడు అత్త, ఎవరూ అడగకుండానే, కొంగున ఉన్న తాళంచెవి విప్పి వెనకగది తలుపు తీసింది. గుప్పుమని వాసన. మూటలు, పరుపులు, అట్టలు ఊడిన బైబిలు. "ఇదీ మా నష్టం. సూడు," అని తాను మాత్రం వాకిట్లోకి వెళ్లి అటు తిరిగి నిలబడింది. అతను ఫొటోలు తీసి బయటికొచ్చేదాకా లోపలికి రాలేదు.

రెండో కాగితం వచ్చింది. అడిగినంతా రాలేదు, పాత మోటరని తరుగు తీశారు. అయినా వైండింగు చేయించి, రాళ్లు మార్చి, మర తిప్పుకోవడానికి చాలింది. సంతకం పెట్టాం. ఎంత వచ్చిందని అత్త అడగలేదు. "ఇంగ సున్నం కొట్టుకోవచ్చునా?" అని అడిగింది.

కొట్టింది. కానీ మర పక్కన, తాను చెయ్యి ఆనించి నిలబడే చోట మాత్రం జానెడు మేర వదిలేసింది. అక్కడ గీత అలాగే ఉండిపోయింది. మరిచిపోయిందేమో అనుకుని బ్రష్షు తీసుకుంటే, "ఉండనీ మే," అంది. ఎందుకని అడిగాను. పట్టాల్సిన రాగులు చూపించింది. గుర్తు కోసమా, బుద్ధి చెప్పుకోవడానికా, మళ్లీ ఎవరైనా వచ్చి అడుగుతారన్న భయమా? పాస్టరయ్య వచ్చినా ఆ చోటు దాచలేదు. మీటరు కూడా తుడిచే మనిషి. తర్వాత చాలాసార్లు అడిగాను, చెప్పలేదు. చెప్పకుండానే వెళ్లిపోయింది.

అత్తా, నీ వల్లే నష్టపోయాం, నీ వల్లే నిలబడ్డాం అని ఒక్కసారైనా నీతో అని ఉండాల్సింది. అంటే నువ్వు దేవుని దయ అనేదానివి.

అత్త జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడిక రోజు మనుషులొస్తారని ఇల్లంతా చిమ్మాను. కుర్చీల మీది బట్టలు తీశాను. కొత్తగా సున్నం కలిపి ముందుగది గోడలన్నీ కొట్టాను. ఆ జానెడు చోటు దగ్గర ఆగిపోయాను. రెండేళ్లుగా ఆమె ఆనించిన ఎడమచెయ్యి అక్కడ పిండితో అచ్చుపడి ఉంది, పచ్చటి గీతకు అడ్డంగా, ఐదు వేళ్లూ తెల్లగా. నేను బ్రష్షు డబ్బాలో పెట్టేశాను. పాస్టరయ్య వచ్చాక ఆయన కుర్చీ దానికి ఎదురుగా వేశాను.