గోడవైపు తిరిగి మాట్లాడినవాడు

మా దగ్గర కొత్తగా కౌన్సెలింగ్ శిక్షణకి చేరిన అమ్మాయి మొన్న నా గదిలోకి వచ్చి కుర్చీల వంక వింతగా చూసింది. "మేడం, రెండు కుర్చీలు గోడ దిక్కే ఉన్నయేంది? బుక్కుల ఎదురెదురు కూసోవాలని ఉంది గదా" అంది. కిటికీలోంచి ఎండ పడుతుందమ్మా అని తప్పించుకున్నాను. అబద్ధం. ఆ కిటికీ ఉత్తరానికి ఉంది, దాంట్లోంచి ఎండ ఏనాడూ పడలేదు. పొద్దున్నుంచి నలుగురు వచ్చి ఏడ్చి వెళ్లిన గది అది. ఐదో మనిషికి నిజం చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఇంటికొచ్చి చాయ్ పెట్టుకున్నాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నేను ఈ కౌన్సెలింగ్ చదువుకి దిగింది నలభై దాటాక. పుట్టింది జోడ్‌భావి పేట్‌లో, కోడలిగా వచ్చింది నీలం నగర్‌కి, రెండూ మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్ల పేటలే. మా నాన్న దర్జీ, మా ఆయన బడిలో గుమాస్తా. అంటే పుట్టినప్పటి నుంచి మగ్గాల చప్పుడు మధ్య బతికాను గాని, మగ్గం దగ్గర ఒక్క పూట కూడా నిలబడలేదు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. పరీక్షలు రాసి, కొన్నాళ్లు పెద్దవాళ్ల పర్యవేక్షణలో పనిచేసి, రిజిస్ట్రేషన్ తెచ్చుకుంటే గాని బోర్డు పెట్టుకోకూడదని ఇంట్లో చెప్పినప్పుడు, మా అత్త బీడీ చుట్టడం ఆపకుండానే అంది: "మాట్లాడనీకి లైసెన్స్ ఏందే? ఇన్నేండ్ల సంది మేమంత లైసెన్స్ లేకుంటనే మాట్లాడుతున్నం గదా. పోలీసులు వట్టుకపోయిండ్రా?"

సెలవు రోజుల్లో క్లాసులు, మిగతా రోజుల్లో వంట, మధ్యలో బస్సులో నిలబడి చదువు. నా మీద పర్యవేక్షణకి ఒక మరాఠీ మేడం ఉండేది. చూసిన ప్రతి మనిషి గురించీ లాగ్‌బుక్‌లో రాసి ఆవిడ సంతకం తీసుకోవాలి. బంధువులని చూడకూడదని ఒక నియమం. నీలం నగర్‌లో నాకు బంధువు కానివాడంటే కరెంటు మీటరు చూడ్డానికి వచ్చేవాడొక్కడే. ఆ సంగతి చెబితే మేడం నవ్వి, మరీ దగ్గరవాళ్లు కాకపోతే సరేనంది. ఆ చదువులో నేను బాగా చేసే పని ఒకటుండేది. ఎదుటి మనిషి చెప్పింది విని, అదే మాట నెమ్మదిగా, స్పష్టంగా తిరిగి అతనికి చెప్పడం. తన మాట ఇంకొకరి నోట వింటే మనిషికి కాస్త బరువు తగ్గుతుంది. మేడం నన్ను ముందుకి పిలిచి చేయించి, చూడండి ఎలా చేస్తోందో అని మిగతావాళ్లకి చూపించేది. నాకు కాస్త తలకెక్కిందనే చెప్పాలి.

అప్పుడొచ్చింది పక్క గల్లీ తమ్ముడి భార్య. వరసకి తమ్ముడే గాని దగ్గర చుట్టరికమేమీ లేదు. తువ్వాళ్ల కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాడు. "అక్కా, నిద్ర లేదు, తిండి లేదు, పిల్లలు పిలిస్తే పలుకుతలేడు. నాకు బుగులైతుంది" అని చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతన్ని మా ఇంటికి రమ్మంటే రానన్నాడట. మా మెట్లెక్కితే చాలు, పిచ్చి లేసిందని గల్లీ అంతా పాకుతుంది. అతని ఇంట్లో ఉన్నది ఒకటే గది. అందుకని నేనే తెలివిగా కార్ఖానాకి పోయాను. గోడలకి చెవులుంటాయంటారు, ఆ చప్పుడులో వాటికి కూడా చెవుడు వస్తుందని నా ధీమా.

లోపల మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతున్నాయి. దూది పొట్టు కనురెప్పల మీద వాలుతోంది. తమ్ముడు తన మగ్గాలు పక్కవాడికి అప్పజెప్పి, నడుమెత్తు నూలు బస్తాల వెనక్కి వచ్చి, మూతికి తువ్వాల అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను పుస్తకంలో ఉన్నట్టే అతనికి ఎదురుగా, గోడకి వీపు ఆనించి, అతని ముఖంలోకి చూశాను. అతను నా వైపు చూడలేదు. నా చెవి దగ్గరికి వంగి, "పానం ఇసుగొచ్చింది అక్కా. రెండు సార్లు సావనీకి పోయిన. పిల్లలు యాదికొచ్చి మర్లి వచ్చిన. ఇంట్ల తెల్వదు" అన్నాడు. నేర్చుకున్నది మరిచిపోలేదు. ఆ రొదలో వినబడాలి కదా, అందుకని ఒక్కో మాటా నోరంతా తెరిచి పలికాను: "రెండు సార్లు సావనీకి పోయినవు. పిల్లల కోసం మర్లి వచ్చినవు. ఇంట్ల చెప్పలేదు. బరోబరేనా?" అతను తలూపాడు. మర్నాడు పొద్దున ఇద్దరం దవాఖానకి, మనసు డాక్టరు దగ్గరికి పోవాలని ఒప్పించాను. ఇంటికొచ్చి లాగ్‌బుక్‌లో రాశాను: కళ్లలోకి చూడడు, సిగ్గు ఎక్కువ.

మర్నాడు నేను చెప్పులు వేసుకుంటూ ఉండగానే అతని భార్య పరిగెత్తుకుంటూ వచ్చింది. కార్ఖానా యజమాని శేట్ పొద్దున్నే కబురు పంపాడట, మగ్గం దగ్గరికి రావొద్దని. విషయం కార్ఖానా అంతా తెలిసిపోయింది. తమ్ముడు లోపలి నుంచి గొళ్లెం పెట్టుకున్నాడు. "ఎవరికన్న చెప్పినవా అక్కా?" అంది. నా పిల్లల మీద ఒట్టేశాను.

వాళ్ల ఇంటి ముందు అప్పటికే కార్ఖానాలో నూలు కండెలు చుట్టే పెద్దమ్మ నిలబడి ఉంది. నిన్న తమ్ముడు మరిచిపోయిన అన్నం డబ్బా తెచ్చిందట. నేను ఎవరికీ చెప్పలేదని ఆవిడ ముందు కూడా అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వే చెప్పినవ్ గద బిడ్డా. మేమందరం చూస్తిమి. మగ్గాల కాడ చెవులతోని పనేముంటది? జిందగీ అంత మూతులు చూసే మాట్లాడుకుంటం. వాడు గోడ దిక్కు మల్లిండు, వాని మాట ఒక్కటి తెల్వలే. నువ్వు మా దిక్కు నిలవడి ఒక్కొక్క మాట మంచిగ చూపిచ్చినవ్."

నోరా, వీపుకు తేకే అంటారు. నా నోరు నా వీపుకి తెచ్చినా బాగుండేది. ఆ గల్లీలో అలాగే కూలబడ్డాను. కూలబడితే ఎలా, లోపల మనిషి ఉన్నాడు. కిటికీ దగ్గరికి పోయాను. మంచం మీద అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. వచ్చిన విద్యలన్నీ వాడాను. తమ్మీ అన్నాను, తప్పు నాదన్నాను, ఏడ్చాను. అతను కదల్లేదు. తలుపు పగలగొట్టడానికి అతని భార్య పక్కింట్లోంచి గొడ్డలి అడిగి తెచ్చింది.

"జరుగు బిడ్డా" అని పెద్దమ్మ నన్ను పక్కకి నెట్టి, డబ్బాతో కిటికీ చువ్వలు గట్టిగా కొట్టింది. అతను ఇటు తిరిగాడు. ఆవిడ పెదవులు కదిలించింది, గొంతు లేదు. అతను ఆవిడ మూతి వంక చూసి తనూ పెదవులు కదిలించాడు. అలా చాలాసేపు సాగింది. మధ్యలో ఆవిడ కళ్లు తుడుచుకుంది, ఒకసారి కోప్పడింది, ఒకసారి నెత్తి కొట్టుకుంది. ఇద్దరి ముఖాలూ నాకు కనబడుతూనే ఉన్నాయి, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. చివరికి అతను లేచి గొళ్లెం తీశాడు. అతని భార్య గొడ్డలి అక్కడే పడేసి లోపలికి ఉరికింది.

"ఏమన్నడు పెద్దమ్మా?" అని ఆశగా అడిగాను.

"నాకు చెప్పిండు. నీకెందుకు?" అని డబ్బా నా చేతిలో పెట్టి, పనికి టైమైందని వెళ్లిపోయింది.

తమ్ముడు నీళ్లు తాగి నా ముందుకి వచ్చాడు. "నేను గోడ దిక్కు ఎందుకు మల్లిన అనుకున్నవ్ అక్కా?" అన్నాడు. సిగ్గనుకున్నానని, అలాగే రాశానని ఒప్పుకున్నాను. "దవాఖానకు వస్త. నీకు మాత్రం ఇంకేం చెప్ప" అన్నాడు. ముగ్గురం ఒకే ఆటోలో పోయాం, మధ్యలో అతని భార్య. దారి పొడుగునా ఆమె అతని చెయ్యి వదల్లేదు. డాక్టరు అతనితో గంటసేపు మాట్లాడాడు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను.

జరిగిందంతా నా చేత్తోనే లాగ్‌బుక్‌లో రాయించింది మేడం. తిట్టలేదు, అదే ఎక్కువ కష్టమనిపించింది. పర్యవేక్షణ ఇంకో ఏడాది పెంచింది. కోపం రాలేదు గాని చాలా అలసిపోయాను, ఇక మానేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. రిజిస్ట్రేషన్ కాగితం వచ్చిన రోజు మా అత్త దానికి పసుపు కుంకుమ పెట్టింది. ఆ మరక అద్దం కింద ఇంకా అలాగే ఉంది.

తమ్ముడు ఇప్పుడు వేరే కార్ఖానాలో చాదర్లు నేస్తున్నాడు. దవాఖానలో ఇంకో డాక్టరమ్మకి తన మాటలన్నీ చెప్పుకుంటాడట. వారానికొకసారి అక్కల్‌కోట్ రోడ్డు మీద ఎదురవుతాడు. "మంచిగున్నవా అక్కా" అంటాడు. మంచిగున్న తమ్మీ అంటాను. నువ్వెలా ఉన్నావని అడిగే హక్కు పోగొట్టుకున్నదాన్ని కాబట్టి అడగను, కళ్లారా చూసుకుని వచ్చేస్తాను. కనబడని వారం నాకు కాలు నిలవదు. రోజులు ఇట్టే గడిచిపోతున్నాయని నా వయసువాళ్లంతా బాధపడతారు గాని, నేను మాత్రం ఇన్నేళ్లుగా, తమ్ముడు ఎదురవుతూ అవి గడుస్తూ ఉంటే చాలని చూస్తున్నాను.