ముద్రమ్మ నడిచిన మజిలీ

ముద్రమ్మకు యాత్రికులంటే ఒళ్ళు మంట. ముప్పై ఏళ్ళుగా వాళ్ళ పుస్తకాల మీద ముద్రలు వేసి బతుకుతోందన్న మాటే గానీ, ఆ జాతిలో ఒక్కడికీ బుర్రలో గుజ్జు లేదని ఆవిడ గట్టి అభిప్రాయం. హాయిగా బస్సు ఉండగా, ఆ కొండ మీది పుణ్యస్థలానికి నాలుగు వందల కిలోమీటర్లు కాళ్ళీడ్చుకుంటూ పోవడమేమిటి? పోతే పోయారు, పాదాలకు బొబ్బలెక్కితే ఏదో ఘనకార్యం చేసినట్టు కనబడ్డవాడికల్లా చూపించడమేమిటి?

ఆ దారిలో ఇరవై మజిలీలు. పద్నాలుగోది ముగిసే చోట ఒక పొడుగాటి గది, అందులో బల్ల, బల్ల మీద రబ్బరు ముద్ర, బల్ల వెనక కుర్చీలో ముద్రమ్మ. ఇరవై ముద్రలూ పడితేనే యాత్ర పూర్తయినట్టు. ఒక్కటి తగ్గినా కొండ మీద ఆ పుస్తకం ముఖం ఎవరూ చూడరు. అందుకే ఎంతటి ఆఫీసరైనా ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. కళ్ళు నెత్తికెక్కడానికి మనిషికి అంతకంటే ఏం కావాలి?

"బూటు ఎత్తి అడుగు చూపించు" అనేది ముద్రమ్మ, నమస్కారానికి బదులుగా.

అది అత్తగారు ఆ కుర్చీ అప్పగిస్తూ చెప్పిన కిటుకు. మజిలీ సగం దారిలో ఒక వాగు ఉంది. దాని ఒడ్డున ఎర్రటి జిగట బురద. ఆ రంగు మట్టి చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. నడిచి వచ్చినవాడి కాలికి అది అంటుకుని తీరాలి. అంటలేదంటే వాడు ఏ కారులోనో దర్జాగా దిగాడన్నమాట. "సిగ్గు లేదూ? దేవుడికే టోపీ పెడదామనుకున్నావా? వెనక్కి పోయి నడిచి రా, పో!" అని పుస్తకం బల్ల మీంచి విసిరేది. కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఏడ్చే మగవాళ్ళంటే ఆవిడకు మరీ అసహ్యం.

ఇంత చేసిన మహాతల్లి ఆ మజిలీలో ఒక్క అడుగు వేసి ఎరుగదు. ఇల్లు అవతలి వైపు, రోజూ బస్సులో వచ్చి బస్సులో పోయేది.

చివరికి ఫిర్యాదులు పోగుపడ్డాయి. యాత్రాసంఘం కార్యదర్శి ఓ సోమవారం వచ్చి చావు కబురు చల్లగా చెప్పాడు. "ముద్ర వేసేవాళ్ళు తమ మజిలీ ఒక్కసారైనా నడిచి ఉండాలమ్మా, కొత్త నిబంధన. ఆదివారం సాయంత్రం ఐదింటికి వస్తాను. మీ పుస్తకంలో ముద్ర చూపించండి. లేదంటే కుర్చీ మీ తోటికోడలికి ఇస్తాం. ఆవిడ మూడుసార్లు నడిచిందట కదా."

తోటికోడలంటే ఆ గది వెనక వంటింట్లో గిన్నెలు తోముకునే మనిషి. ముద్రమ్మ లెక్కలో నోట్లో నాలుక లేని మొద్దు. దానికా కుర్చీ!

"పోనీ వదిలెయ్యవే, యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. మోకాళ్ళు చూసుకో" అన్నాడు భర్త.

"వదిలేసి? ఇంట్లో కూర్చుని మీ గురక వినమంటారా?"

పైకి అలా అరిచింది గానీ లోపల భయం పట్టుకుంది. ఆ కుర్చీ లేకపోతే ఆవిడను పలకరించే దిక్కు లేదు. ఆ సంగతి ఆవిడకు బాగా తెలుసు.

ఆదివారం తెల్లవారుతూనే నెత్తికి తువ్వాలు చుట్టుకుని, కొడుకు బూట్లు తొడుక్కుని బయల్దేరింది. ఇరవై రెండు కిలోమీటర్లు. మూడోదానికే మడమ ఒరుసుకుపోయింది. అయినా నోరు ఊరుకుంటేనా? ముందు పోయేవాడి నడక చూసి "బాతు" అనుకుంది. చేలగట్టు మీద కూర్చుని కాళ్ళు నిమురుకుంటున్న భార్యాభర్తల్ని చూసి "దిక్కుమాలిన సంత" అనుకుంది. కాసేపటికి తనూ కూర్చుని కాళ్ళు నిమురుకుంది, అది వేరే సంగతి.

దారిలో ఒక దర్జీ తగులుకున్నాడు. బక్కపలచటి పెద్దమనిషి. ప్రతి చెట్టునూ చూసి "ఆహా" అంటాడు. ఇలాంటివాళ్ళను చూస్తే ముద్రమ్మకు చెయ్యి దురద పెడుతుంది.

"నేను ఈ దారి రావడం రెండోసారమ్మా" అన్నాడు. "వాగు దాటాక కాస్త జాగ్రత్త. మజిలీ చివర్న ఒక రాక్షసి కూర్చుని ఉంటుంది. కాలికి బురద లేకపోతే తరిమేస్తుంది. పోయినసారి నన్నూ తరిమింది."

"కారులో వచ్చి ఉంటారు!" అంది ముద్రమ్మ, కోపం ఆపుకోలేక.

దర్జీ నవ్వి, ఇంకో చెట్టును చూసి "ఆహా" అన్నాడు.

వాగు వచ్చింది. వాగు మీద వంతెన. సిమెంటు వంతెన, చక్కటి పిట్టగోడలతో, పాతబడి నాచు కూడా పట్టింది. నడిచేవాళ్ళందరూ దాని మీదుగా బూటు తడవకుండా పోతున్నారు. ముద్రమ్మ నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయింది.

వంతెన కింద ఒక కారు ఆగి ఉంది. అందులోంచి దిగిన కుటుంబం ఎర్రబురదలో వరసగా నిలబడి బూట్లకు మెత్తుకుంటోంది. "అడుగున దట్టంగా పట్టించండర్రా, ఆవిడ అదే చూస్తుందట" అని తండ్రి పురమాయిస్తున్నాడు.

ముద్రమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ ఎవరికి ముద్ర వేసింది? ఎవర్ని తరిమింది?

అప్పుడు తన బూట్ల వంక చూసుకుంది. దుమ్ము తప్ప ఏమీ లేదు. బల్ల దగ్గర ఈ రోజు తోటికోడలు కూర్చుని ఉంది. ఈ కాళ్ళతో పోతే ముద్ర పడదు, కుర్చీ దక్కదు. దిగి పూసుకుంటే సరిపోతుంది. నాలుగు మెట్లు దిగింది కూడా. కారు ఆవిడ పక్కకు జరిగి, "రండి రండి, ఇక్కడ బాగా ఉంది" అని చోటిచ్చింది.

ఛీ! వీళ్ళ పక్కన నిలబడి బురద పూసుకోవడమా? ముద్రమ్మ గిర్రున వెనక్కి తిరిగి మెట్లెక్కింది. అది నిజాయితీ అనుకునేరు, కాదు. ఉత్త అసహ్యం.

కుంటుకుంటూ గది చేరేసరికి ఐదుకు పావుగంట తక్కువ. దర్జీ వెనకే ఉన్నాడు.

"బూటు చూపించక్కా" అంది తోటికోడలు, మొహమాటపడుతూ. "నువ్వు నడిపే పద్ధతేగా."

"అక్కడ వంతెన ఉందే!"

"కట్టి తొమ్మిదేళ్ళయింది కదక్కా."

"మరి నాకు చెప్పి చావవేం?"

"చెప్పానక్కా, కట్టిన ఏడే చెప్పాను. గిన్నెలు తోముకునేదానివి నీకేం తెలుసన్నావు."

ముద్రమ్మ రెండు చేతులూ బల్ల మీద ఆనించి వంగింది. "నేను తిప్పి పంపినవాళ్ళంతా ఏమైపోయారే?"

"వంటింటి కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళు. అత్తయ్య పాత ముద్ర నా దగ్గరే ఉంది. కాసిని నీళ్ళిచ్చి, వేసి పంపేదాన్ని."

"ఎంతమందికి?"

"అందరికీనక్కా."

"నాక్కూడా అక్కడే పడింది" అన్నాడు దర్జీ. రాక్షసి ఎవరో అర్థమై కళ్ళు దించుకున్నాడు.

"ఇటివ్వక్కా పుస్తకం" అని తోటికోడలు బల్ల మీది ముద్ర చేతిలోకి తీసుకుంది. "ఆయన వచ్చేస్తాడు. వేసేస్తాను, కుర్చీ నీదే. నాకెందుకిది?"

ముద్రమ్మ పుస్తకం ఇవ్వలేదు. గోడ పట్టుకుని బయటికి నడిచి, గది చుట్టూ తిరిగి, ముప్పై ఏళ్ళలో ఎన్నడూ అడుగుపెట్టని వెనకవైపుకు పోయింది. కిటికీ కింద నేల అరిగి నున్నగా ఉంది. గోడ వెంట బల్ల వేసి ఉంది, పక్కన నీళ్ళ కుండ, గ్లాసు. నలుగురు యాత్రికులు బూట్లు విప్పి కూర్చుని ఉన్నారు. ముందు గదికి పోనేపోకుండా నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్ళు. ఆవిడ కుంటడం చూసి జరిగి చోటిచ్చారు. ఒక పెద్దావిడ గ్లాసుతో నీళ్ళు ముంచి అందించింది.

లోపల కార్యదర్శి గొంతు వినబడింది. "ఏమ్మా, మీ అక్క వచ్చిందా?"

"అయ్యో, ముందువైపు వెళ్ళారా ఏమిటి?" అంది పెద్దావిడ జాలిగా. "అక్కడ ఒకావిడ ఉంటుందిలే. మిమ్మల్నీ తిప్పి పంపేసిందా?"

"ఆఁ" అంది ముద్రమ్మ. "పంపేసింది."