నల్లటోపీ బందిపోటు

ఇది ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదేళ్ల వయసులో, ఆరు నెలలపాటు అమ్మమ్మకి అబద్ధాలు చెప్పాను.

ఇవాళ ఆఫీసు నుంచి వచ్చి టీవీ పెడితే అప్పట్లో అమ్మమ్మా నేనూ చూసిన పాత కౌబాయ్ సీరియలే. కట్టేసే ఓపిక లేక అలాగే చూశాను.

అమెరికాలో, ప్లేనో ఊళ్లోని మా ఇంటికొచ్చిన అమ్మమ్మకి ఇంగ్లిష్ రాదు. సీరియల్ కథ నేనే తెలుగులో చెప్పేదాన్ని. గుర్రానికి నీళ్లు పట్టాకే తను తాగుతాడని నల్లటోపీ బందిపోటు ఆమెకి నచ్చాడు. వాడి హత్యలు దాచాను. తెలిస్తే నా పక్కన కూర్చోదని భయం. పోలీసులు వాడి వెంటపడితే, "దొంగలు తరుముతున్నారు, పాపం" అనేదాన్ని. చివరికి వాణ్ణి కాల్చేస్తే, "వాడికి నిద్ర వచ్చింది అమ్మమ్మా" అన్నాను.

ఇండియాకి తిరిగి వెళ్లే రోజు ఎయిర్‌పోర్ట్‌లో నా జడ సవరిస్తూ ఆమె అన్నవే నేను ఎదురుగా విన్న ఆఖరి మాటలు: "వాడు మంచోడు కాదని మొదట్నుంచీ తెలుసే పిల్లా. నువ్వు చెబుతుంటే వినాలనిపించేది."